రేటు మారలేదు, మాట మారింది

చిట్టితల్లీ,

ముంబైలో బ్యాంకు ట్రెజరీలో, అదీ గవర్నమెంటు బాండ్ల డెస్కులో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. మా ఇంట్లో ఇంకొకత్తి నా సీట్లోకి వస్తోందని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

యీల్డు, అదే బాండు మీద వచ్చే రాబడి శాతం, పెరిగితే బాండు ధర పడుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు. నెలనెలా ద్రవ్యోల్బణం లెక్క, ఫిబ్రవరి 1న బడ్జెట్లో ప్రభుత్వం చేసే అప్పు, శుక్రవారం బాండ్ల వేలం, రిజర్వు బ్యాంకు పాలసీ... తేదీలన్నీ రాసిపెట్టుకో. 2022 మే 4న చెప్పాపెట్టకుండా రెపో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ రేటు, 40 పాయింట్లు (పాయింటంటే శాతంలో వందో వంతు) పెంచారు, అలాంటివి ఏ క్యాలెండర్లోనూ ఉండవనుకో.

నా భయమల్లా 2017 ఫిబ్రవరి 8 లాంటి రోజు గురించి. నోట్ల రద్దుతో బ్యాంకుల నిండా డిపాజిట్లు. రేటు పావు శాతం తగ్గడం ఖాయమని డెస్కులో అందరం అనేసుకున్నాం. ఆ ఆశ అప్పటికే ధరలో కలిసిపోయిందన్న ఆలోచన నాకు రాలేదు. 6.97 శాతం వడ్డీతో 2026లో తీరే బాండు నా దగ్గర దండిగా ఉంది. మధ్యాహ్నం ప్రకటన వచ్చింది, రెపో 6.25 దగ్గరే ఉంది. "పోనీలే, ఏప్రిల్లో తగ్గిస్తారు" అనుకుని, ధర పడగానే ఇంకొన్ని కొన్నాను! బజారంతా అమ్ముతుంటే నేను కొంటున్నాను. ప్రకటన మొత్తం చదివితే కదా? పాలసీ వైఖరి 'అకామడేటివ్' (తగ్గింపు వైపు మొగ్గు) నుంచి 'న్యూట్రల్' (ఎటూ మొగ్గకపోవడం)కి మారింది. ఇకమీద తగ్గింపుల మీద ఆశ పెట్టుకోవద్దని దానర్థం. ఆ ఒక్క మాటకి యీల్డు ఆ రోజే దాదాపు 30 పాయింట్లు లేచింది. వంద కోట్ల బాండ్ల మీద రెండు కోట్లు హుష్.

స్టాప్‌లాస్, అంటే నష్టం ఇంతకి చేరితే అమ్మెయ్యాలన్న హద్దు, ఎక్కడో నాకు తెలుసు. అమ్మడానికి చెయ్యి రాలేదు. మా సారుకి చెప్పడానికి నోరూ రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే పిలిచాడు. డబ్బు పోయినదానికంటే దాచిపెట్టినందుకే ఎక్కువ తిట్టాడు. ఇప్పటికీ తల్చుకుంటే ముఖం వేడెక్కుతుంది.

నీకు చిన్నప్పుడు పలక పగిలితే మంచం కింద దాచేదానివి. అందుకే ఇంత రాస్తున్నాను. అంకె వచ్చేముందు, బజారు ఎంత అనుకుంటోందో చీటీ మీద రాసుకో. నష్టమొస్తే ఆ పూటే పైవాళ్లకి చెప్పు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా పర్లేదు.

ఇప్పుడు పాలసీ ఉదయం 10 గంటలకే కదా, టిఫిన్ తినకుండా సీట్లో కూర్చున్నావో చూడు! కందిపొడి పంపిస్తున్నాను, హాస్టల్ అడ్రసు పెట్టు.

మీ అత్తయ్య