హైస్కూల్లో చదువు నిజంగా బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పదో తరగతి రిజల్ట్స్ ఫ్లెక్సీ చూసి మాత్రం నిర్ణయించకండి, అందులో ఉండేది మంచి మార్కులొచ్చిన కొద్దిమంది ఫొటోలే. ఎనిమిదిలో ఎంతమంది ఉండేవారు, వాళ్లలో ఎంతమంది అక్కడే పది పరీక్ష రాశారు అని సూటిగా అడగండి, సంఖ్య బాగా తగ్గితే ఎందుకో కూడా అడగాలి. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అనే 11 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానితో బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ యూడైస్ ప్లస్ సైట్‌లో టీచర్ల సంఖ్య, లైబ్రరీ లాంటి వివరాలు చూడొచ్చు. కానీ ల్యాబ్ ఉండటం వేరు, వాడటం వేరు. అక్కడ తొమ్మిది చదివే పిల్లను, చివరిసారి ప్రయోగం నీ చేత్తో ఎప్పుడు చేశావమ్మా అని అడగండి. ఇద్దరు ముగ్గురి నోటుబుక్కులు తిరగేస్తే అన్నిట్లో గైడులోంచి దించిన ఒకే జవాబు కనిపించిందా, అక్కడ నడిచేది బట్టీయే. లెక్కల టీచరు ఏటా మారిపోతున్నారా? నేనైతే ముందు అదే కనుక్కుంటాను.