ఇల్లు మారితే జీటీ వెంట వస్తుందా?

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. పాపకి ఇర్వింగ్‌లో జీటీ (గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్, అంటే ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల కోసం స్కూల్ నడిపే ప్రోగ్రామ్) వచ్చింది, జనవరిలో ఫ్రిస్కో వైపు సొంతింటికి వెళ్తున్నారు, అక్కడ కూడా అది ఉంటుందా అని అడిగావు. దానంతట అది రాదు. టెక్సాస్‌లో ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళని నడిపే సంస్థ) గిఫ్టెడ్ ప్రోగ్రామ్ నడపాలని రాష్ట్ర చట్టం. కానీ ఏ పిల్లలు గిఫ్టెడ్ అన్నది ఎవరి డిస్ట్రిక్టులో వాళ్ళే తేలుస్తారు. బయటినుంచి వచ్చిన పిల్లల్ని ఏం చేయాలో ప్రతిచోటా రాతపూర్వకంగా ఒక పాలసీ ఉంటుంది. ఒకచోట పాత స్కోర్లు చూసి తీసుకుంటారు, ఇంకోచోట మళ్ళీ మొదటినుంచి పరీక్ష పెడతారు. ఏడాదికి కనీసం ఒకసారి రిఫరల్స్ (ఈ పిల్లల్ని చూడండి అని పేర్లు ఇవ్వడం) తీసుకోవాలి, పరీక్షకి తల్లిదండ్రుల సంతకం కావాలి, చివరి మాట కనీసం ముగ్గురున్న కమిటీది, ఒప్పుకోకపోతే అప్పీల్ చేసుకోవచ్చు. ఇవన్నీ టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్‌లో ఉంటాయి, ఒక సాయంత్రం కూర్చుని చదువుకో. అక్కడ దొరకనివి నేను చెప్తాను.

మేం అమెరికా వచ్చిన కొత్తలో ఇర్వింగ్‌లోనే వ్యాలీ రాంచ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాకు హెచ్4 (భర్త వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా), వర్క్ పర్మిట్ లేదు, ఒక్క జీతం మీద ఇల్లు గడవాలి. పెద్దాడికి జీటీ వచ్చిందని ఉత్తరం వస్తే ఫ్రిజ్ మీద పెట్టాం, గుంటూరులో మామగారికి ఫోటో పంపాం. ఇల్లు కొని మారినప్పుడు చేతిలో ఉన్నది ఆ ఉత్తరం ఒక్కటే. కొత్త స్కూల్ ఆఫీసులో ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, ఏం పరీక్ష రాశాడు, ఎప్పుడు రాశాడు, ఎంత వచ్చింది అని అడిగింది. అందులో అభినందనలు తప్ప ఇంకేమీ లేవు. పాత స్కూల్ నుంచి రికార్డులు వచ్చేశాయిగా అన్నాను. మార్కులు వచ్చాయి, టీకాల కాగితం వచ్చింది, జీటీ ఫైల్ రాలేదు. ఆ ఫైల్ వేరే చోట ఉంటుందని మాకెవరు చెప్తారు? అడగాల్సిన మనిషేమో వేసవి సెలవుల్లో ఉంది. కాగితాలు చేరి, వాళ్ళు చూసి, మా పరీక్ష కూడా రాయాలి అని చెప్పేసరికి ఆ ఏడాది రిఫరల్ గడువు దాటిపోయింది.

ఇక్కడినుంచి అసలు ఖర్చు మొదలైంది. గుడిలో భోజనాల దగ్గర ఎవరో చెప్పారని మావారు పిల్లాణ్ణి ఒక ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళి ఐక్యూ పరీక్ష చేయించారు. వందల డాలర్లు, అదీ క్రెడిట్ కార్డు మీద. అప్పట్లో ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునేవాళ్ళం, ఆ రాత్రి నేను లెక్క కూడా వేయలేదు. రిపోర్ట్ చాలా బాగుంది. స్కూల్‌వాళ్ళు మర్యాదగా, బయటి పరీక్షలు మేం తీసుకోం అన్నారు. ముందు ఒక ఈమెయిల్ పెట్టి అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది. స్కూల్ పెట్టే పరీక్ష ఉచితం అన్న సంగతి కూడా మాకు తర్వాతే తెలిసింది.

అది చాలదన్నట్టు వారాంతంలో కోచింగ్. జీటీకి పెట్టే కాగాట్ అనే పరీక్షలో మాటలకొక భాగం, అంకెలకొకటి, బొమ్మలకొకటి ఉంటాయి. మూడింటికీ మూడు పుస్తకాలు, మూడు ఫీజులు. ఆ మరుసటి ఏడు పెద్దాడికి జీటీ వచ్చింది, కోచింగ్ ఆయన వాడి ఫోటో తన ఫ్లయర్ మీద వేసుకున్నాడు. కానీ తర్వాత వాళ్ళ టీచర్‌తో మాట్లాడితే తెలిసింది, కమిటీ ఒక్క స్కోర్ చూసి తేల్చదట. తరగతిలో పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో టీచర్ నింపే ఫారం కూడా చూస్తారు. ఏడాది మధ్యలో మారే పిల్లలకి దెబ్బ తగిలేది ఇక్కడే. పాపని నెల రోజులుగా మాత్రమే చూసిన టీచర్ ఏం రాస్తుంది? అందుకే ఇప్పటి టీచర్‌ని డిసెంబర్ సెలవుల ముందే కలిసి, కొత్త స్కూల్‌కి నాలుగు ముక్కలు రాసిమ్మని అడుగు. మనవాళ్ళకి టీచర్లని ఏదైనా అడగాలంటే మొహమాటం. ఇక్కడ అడగనివాళ్ళ గురించి ఎవరూ పట్టించుకోరు.

కాగితాల విషయానికొస్తే, పాత డిస్ట్రిక్టు నుంచి పరీక్ష పేరు, తేదీ, స్కోర్ షీట్, కమిటీ నిర్ణయం, ఏ ఏ సబ్జెక్టుల్లో జీటీ సేవలు అందుతున్నాయో రాసిన కాగితం, ఇవన్నీ రాతపూర్వకంగా అడిగి తీసుకుని ఒక కాపీ నీ దగ్గరే ఉంచుకో. స్కూల్ నుంచి స్కూల్‌కి వెళ్తాయిలే అని వదిలేయకు.

ఇంకొకటి, ఇది జీటీ కంటే పెద్ద విషయం. ఇంటి కాంట్రాక్ట్ మీద ఫ్రిస్కో అని ఉంటే ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్) అనుకుంటున్నావు కదూ? ఊరి హద్దులు వేరు, డిస్ట్రిక్ట్ హద్దులు వేరు. ఫ్రిస్కో ఊళ్ళోనే లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లోకి వెళ్ళే ఇళ్ళున్నాయి. నువ్విప్పుడు ఉంటున్న ఇర్వింగ్‌లో కాపెల్ ఐఎస్‌డీకి వెళ్ళే అపార్ట్‌మెంట్లు లేవూ? అలాగే. బిల్డర్ ఆఫీసులో ఇల్లు అమ్మే అమ్మాయి ఏ స్కూల్ పేరు చెప్పినా నమ్మకు, డిస్ట్రిక్ట్ సైట్‌లో ఇంటి నంబర్‌తో సహా కొట్టి చూడు. స్కూల్ పేరు కోసం పాతిక ముప్ఫై వేల డాలర్లు ఎక్కువ పోసి కొన్నాక కొత్త స్కూల్ కట్టి హద్దులు మార్చేసిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కొత్త ఇల్లు కాబట్టి మొదటి ఏడాది ప్రాపర్టీ టాక్స్ తక్కువ వస్తే సంబరపడకు. జనవరి 1 నాటికి ఉన్నదాన్ని బట్టి విలువ కడతారు, అప్పటికి ఇల్లు పూర్తికాకపోతే స్థలానికీ, కట్టినంత మేరకీ మాత్రమే పన్ను పడుతుంది. మరుసటి ఏడు పూర్తి విలువ మీద పడుతుంది, ఎస్క్రో (పన్ను కట్టడానికి లోన్ కంపెనీ మన దగ్గర నెలనెలా తీసి ఉంచే డబ్బు) తరుగుతుంది, నెల వాయిదా ఒక్కసారిగా పెరుగుతుంది. మా బంధువొకాయనకి నెలకి ఎనిమిది వందలు పెరిగింది, కారు అమ్ముకున్నాడు. ఆ పన్నులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్టుదే. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతింట్లో ఉండేవాళ్ళకి ఇచ్చే పన్ను తగ్గింపు) ఉచితంగా అప్లై చేసుకోవచ్చు, దానికి డబ్బు అడుగుతూ వచ్చే ఉత్తరాలు చింపి పారేయ్.

ఇంతకీ జీటీ అంటే ఏమనుకుంటున్నావు? చాలా ఎలిమెంటరీ స్కూళ్ళలో వారంలో కొన్ని గంటలు పిల్లల్ని వేరే గదికి తీసుకెళ్ళి ప్రాజెక్టులు చేయిస్తారు, అంతే. మనవాళ్ళేమో ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో సీటు వచ్చినట్టు మాట్లాడతారు. లెక్కల్లో ముందుకి వెళ్ళడానికి జీటీ అక్కర్లేదు. 5వ తరగతిలో రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో లెక్కల్లో పై 40 శాతంలో ఉంటే 6లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో వాళ్ళే వేయాలని 2023లో చట్టమే చేశారు. ఒక తరగతి దాటించాలంటే డిస్ట్రిక్ట్ పెట్టే పరీక్షల్లో 80 శాతం రావాలి, అదీ వేరే దారి. రేపు ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో సీటు ఆటోమేటిక్‌గా ఇచ్చేది హైస్కూల్ ర్యాంకు చూసే, రెండో తరగతి జీటీ చూసి కాదు. 2026లో చేరేవాళ్ళ నుంచి ఆ గీత పై 5 శాతానికి కుదించారు. తరగతి నిండా మన పిల్లలే ఉన్న హైస్కూల్లో ఆ 5 శాతం ఎంత కష్టమో, లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు మీ ఇద్దరూ ఒకసారి ఆలోచించండి.

చిన్నోడు వచ్చే ఏడు కిండర్‌గార్టెన్ అన్నావు. వాడికి ఇంత గొడవ లేదు, కిండర్‌లో జీటీకి ఎంపికైన పిల్లలకి మార్చి 1 లోపు సేవలు మొదలుపెట్టాలని రూల్. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లల క్లాసు) వేస్తారని వాట్సాప్ గ్రూపుల్లో బెదిరిస్తారు. ఉన్నది రాయి. వాడికొక ఇంగ్లీషు పరీక్ష పెడతారు, అంతే. ఈఎస్ఎల్‌లో ఉన్నా జీటీ పరీక్ష రాయొచ్చు, అర్థమయ్యే భాషలోనో, బొమ్మల పరీక్షతోనో చూడాలని కూడా రూల్ ఉంది.

ఇంటి క్లోజింగ్ (కొనుగోలు పూర్తయి ఇల్లు చేతికి వచ్చేది) జనవరిలో కదా. ఈ వారమే కొత్త డిస్ట్రిక్ట్ జీటీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, మధ్యలో చేరే పిల్లల్ని ఎప్పుడు చూస్తారు, ఏ పరీక్ష స్కోర్లు ఒప్పుకుంటారు, ఎన్నాళ్ళ పాతవైనా ఫర్వాలేదా అని మూడు ప్రశ్నలు అడుగు. ఫోన్‌లో వద్దు, మెయిల్ అయితే రేపు చూపించుకోవచ్చు. ఆ జవాబు వచ్చేదాకా ఎవరికీ పైసా కట్టకు. కోచింగ్‌కి అడ్వాన్స్ ఇచ్చేశానన్నావు, క్లాసులు ఇంకా మొదలుకాలేదు కాబట్టి వెనక్కి అడుగు. ఇవ్వనంటే అక్కడే పడి ఉండనీ, మిగతా ఫీజు మాత్రం కట్టొద్దు.