వెయిట్లు రాసే ముందు

శ్రీకాకుళం

బాబూ,

కొత్త మెయిన్‌ఫ్రేమ్ మీద ఎల్‌పార్‌లకి (ఒకే మెషీన్‌ని విడగొట్టి చేసిన వేరువేరు సిస్టమ్‌లకి) ప్రాసెసర్లు, మెమరీ పంచే పని నీ నెత్తిన పడిందన్నావు. మెషీన్ జోలికి ఇప్పుడే వెళ్లకు, కాగితం తీయి.

10 ఐఎఫ్ఎల్‌లు (లినక్స్ నడిపే ప్రాసెసర్లు) అనుకో, అన్నీ షేర్డ్, అంటే అందరూ కలిసి వాడుకునేవి. వెయిట్ అంటే ఎవరి వంతు ఎంతో చెప్పే అంకె. ప్రొడక్షన్‌కి వెయిట్ 600, టెస్ట్‌కి 300, డెవలప్‌మెంట్‌కి 100 రాస్తే వాటాలు 6, 3, 1 ప్రాసెసర్లు. రేపెవరో 200 వెయిట్‌తో నాలుగో ఎల్‌పార్ తెరిచారనుకో, మొత్తం 1200 అవుతుంది. ప్రొడక్షన్ పక్కన 600 చెక్కుచెదరకుండానే ఉంటుంది, వాటా మాత్రం 5కి దిగిపోతుంది. అందుకే వెయిట్ పక్కనే వాటా ఎంతో కూడా రాసిపెట్టుకో.

గొట్టా బ్యారేజీలో నీళ్లు దండిగా ఉన్నన్నాళ్లు వంతుల గొడవ ఎవరికీ పట్టదు. తగ్గినప్పుడే శివారు రైతు కేకేస్తాడు. వెయిట్ కూడా అంతే, రద్దీలోనే దాని పని. మిగతా వేళ ఒకడు వాడని వాటాని పక్కవాడు వాడుకుంటాడు, క్యాప్ (వాటా దాటకుండా కట్టడి) పెట్టకపోతే. నీళ్లయితే రేపటికి నిలవుంటాయి, వాడని ప్రాసెసర్ క్షణం ఉండదు. ప్రాసెసర్‌ని డెడికేటెడ్‌గా, అంటే ఒక్క ఎల్‌పార్‌కే రాసి, ఇవ్వడానికి నాకు చెయ్యి రానిది అందుకే. అది ఖాళీగా కూర్చున్నా ఇంకొకరికి దక్కదు.

లాజికల్ ప్రాసెసర్లు, అంటే ఎల్‌పార్‌కి తనవిగా కనిపించే ప్రాసెసర్లు, మొదటి మూడింటికీ వరసగా 8, 4, 2 ఇవ్వు. మొత్తం 14, అంటే ఉన్నవాటికి 1.4 రెట్లు. డెవలప్‌మెంట్ వాళ్లు 10 కావాలంటారు, ఇవ్వకు. ఒక్క ప్రాసెసర్ వాటాని పదిమందికి పంచితే రద్దీలో తలా పదో వంతే. లాక్ (ఒకరు వాడుతుంటే మిగతావాళ్లు ఆగేలా వేసే తాళం) పట్టుకున్న లాజికల్ ప్రాసెసర్‌ని ఆ సమయంలో పీఆర్/ఎస్ఎం (ఎల్‌పార్‌లకి ప్రాసెసర్లు పంచే మెషీన్ ఫర్మ్‌వేర్) అసలు ప్రాసెసర్ మీంచి దించేసిందా, ఆ లాక్ కావలసినవన్నీ దానికోసం కాచుక్కూర్చుంటాయి. మరీ బిగించినా తప్పే. ప్రొడక్షన్‌కి 6 లాజికల్ ఇస్తే, పక్కన ఎంత ఖాళీ ఉన్నా ఏడోది అందదు. ఇమేజ్ ప్రొఫైల్‌లో (ఎల్‌పార్ సెట్టింగులు ఉండే చోట) ఒకటి రెండు రిజర్వ్‌డ్‌గా, తర్వాత కలుపుకోవడానికి, ఉంచు. వెయిట్లయితే హెచ్ఎంసీ (మెషీన్‌ని నడిపే కన్సోల్) నుంచి ఎల్‌పార్ ఆపకుండానే మార్చుకోవచ్చు.

జెడ్/వీఎం (ఒక ఎల్‌పార్‌లో గెస్ట్‌లనే చాలా వర్చువల్ మెషీన్లని నడిపేది) లోపల ఇదే లెక్క మళ్లీ మొదలు. గెస్ట్‌కి రిలేటివ్ షేర్ మామూలుగా 100 ఉంటుంది. అది గెస్ట్ మొత్తానికి, ఒక్కో వర్చువల్ సీపీయూకి కాదు. ఒకటే ఉంటే వందా దానిదే, నాలుగు చేస్తే తలా 25. నెమ్మదిగా నడుస్తోందని సీపీయూలు పెంచి, సెట్ షేర్ కమాండ్‌తో షేర్ పెంచడం మరిచిపోతారు. రద్దీ వేళ అది ఇంకా చతికిలబడుతుంది. లినక్స్‌లో వీఎంస్టాట్ కమాండ్ కొట్టి ‘ఎస్‌టీ’ నిలువు వరస చూడు. గెస్ట్ అడిగినా దక్కని సమయం అదే.

మెమరీ అడిగినంతా ఇవ్వకు. మిగిలినదాన్ని లినక్స్ పేజ్ క్యాష్‌తో (డిస్క్ ఫైళ్ల కాపీలతో) నింపేస్తుంది, తర్వాత అందరూ వాడుతున్నట్టే కనిపిస్తుంది.

ఇదంతా చేసే ముందు ప్రతి ఎల్‌పార్ వాడకం గంటగంటకీ తీయి, నెలాఖరు కూడా కలిసొచ్చేలా. సగటు లెక్కలు నాకు పంపకు. సగటున 3 వాడే ఎల్‌పార్ రాత్రి 11కి 8 అడగొచ్చు, అదే గంటకి టెస్ట్ వాళ్లు బ్యాకప్ పెట్టుకుని ఉండొచ్చు.

ఉంటాను,
పెద్దమావయ్య