సీటు ఒక్కటీ రాని పార్టీ గురించి మనకెందుకు టెన్షన్?

కెనడాలో వలసలకి వ్యతిరేకంగా మాట్లాడే తీవ్ర మితవాద పార్టీ ఒకటి కొత్తగా పుడితే, దానికి సీట్లే రానప్పుడు మనం పట్టించుకోవాలా అని అడిగారు. పట్టించుకోవాలనే అంటాను. కాకపోతే మనవాళ్ళు చాలామంది సీట్ల లెక్క చూసి ఊరుకుంటారు, ఆ లెక్కలో అసలు సంగతి తెలియదు. అలాంటి పార్టీయే అయిన పీపుల్స్ పార్టీ ఆఫ్ కెనడా మొదలైనప్పుడు నేను ఒంటారియోలోనే ఉన్నాను. అది పోటీ చేసిన మూడు ఫెడరల్ ఎన్నికలూ ఇక్కడే చూశాను.

అది వీధిలోంచి లేచిన ఉద్యమం కాదు. దాన్ని పెట్టిన మాక్సిమ్ బెర్నియే అంతకుముందు ప్రధాని స్టీఫెన్ హార్పర్ కన్జర్వేటివ్ పార్టీ ప్రభుత్వంలో మంత్రి. 2017 మేలో ఆ పార్టీ నాయకత్వం కోసం పోటీ చేసి ఆండ్రూ షీర్ చేతిలో వెంట్రుకవాసిలో ఓడిపోయారు, 50.95 శాతానికి 49.05. అప్పట్లో ఆయన గట్టిగా మాట్లాడింది పన్నులు, ప్రభుత్వ ఖర్చు, పాల ఉత్పత్తికున్న కోటా విధానం గురించి. 2018 ఆగస్టుకి వచ్చేసరికి బహుళ సంస్కృతి మితిమీరిందంటూ ట్వీట్లు మొదలయ్యాయి. అదే నెలలో పార్టీ వదిలేశారు, సెప్టెంబర్ 14న కొత్త పార్టీ ప్రకటించారు. అందుకే కొత్త పార్టీ ఏది వచ్చినా, దాని నాయకుడు వలసల మీద కోపాన్ని ఎప్పుడు ఎత్తుకున్నాడో నేను ముందు చూస్తాను.

పార్టీ రిజిస్టర్ అయిందన్న వార్తకే కంగారు పడనక్కర్లేదు. 250 మంది ఓటర్లు మేం సభ్యులమని సంతకాలు పెట్టి, ఎన్నికల్లో కనీసం ఒక అభ్యర్థి నిలబడితే ఎన్నికలు నడిపే సంస్థ ఎలక్షన్స్ కెనడా గుర్తింపు వస్తుంది.

2019 ఎన్నికల ముందు కొన్ని నగరాల్లో బెర్నియే ఫొటోతో, 'మాస్ ఇమిగ్రేషన్‌కి నో చెప్పండి' అని పెద్ద హోర్డింగులు వెలిశాయి. పెట్టింది పార్టీ కాదు, బయటి గ్రూపు. జనం గొడవ చేస్తే ప్రకటనల కంపెనీ వాటిని తీసేసింది. పార్టీకి వచ్చినవి 1.6 శాతం ఓట్లు, సీట్లు సున్నా. బెర్నియే క్యుబెక్‌లోని తన సొంత బోస్ నియోజకవర్గంలో కూడా ఓడిపోయారు. ఓడించిన కన్జర్వేటివ్ అభ్యర్థి పాడి రైతుగా పనిచేసినవాడు. పాల కోటా తీసేస్తానన్న మనిషిని ఆ పాడి ప్రాంతం అంత తేలిగ్గా వదల్లేదు. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ రాత్రి 'పీడ విరగడైంది' అన్న మెసేజులే.

విరగడ కాలేదు. 2021లో అదే పార్టీకి దాదాపు 8 లక్షల 40 వేల ఓట్లు, 4.9 శాతం. సీట్లు మళ్ళీ సున్నానే. ఈసారి దాన్ని పెంచింది ముఖ్యంగా వాక్సిన్ నిబంధనల మీద కోపం. మా వీధిలో ఒక ఇంటిముందు పార్టీ ఊదా రంగు బోర్డు కనిపించింది. ఆ ఇంటాయన మంచు పడితే తన డ్రైవ్‌వేతో పాటు మాది కూడా శుభ్రం చేసి పెట్టే మనిషి. నాకు మనసు చివుక్కుమంది. మెయిల్‌బాక్స్ దగ్గర కలిసినప్పుడు అడిగేశాను. చాలాసేపు మాట్లాడాడు. ఉద్యోగంలో వాక్సిన్ వేసుకోమని పట్టుబడుతున్నారని, తన మాట వినేవాళ్ళే లేరని. వలసల గురించి ఒక్క ముక్క కూడా లేదు. "ఇది మీలాంటివాళ్ళ గురించి కాదు" అన్నాడు చివర్లో.

నేను ఫోన్ తీసి ఆ పార్టీ విధానాలు చూపించాను. ఏడాదికి వచ్చే వలసల్ని లక్ష, లక్షన్నరకి కుదించడం, బహుళ సంస్కృతి చట్టం రద్దు, తల్లిదండ్రుల్ని స్పాన్సర్ చేసుకునే పథకం రద్దు. మా అమ్మ కోసం మేం ఆ పథకం లాటరీలోనే పేరిచ్చి ఎదురుచూస్తున్నామని చెప్పాను. అలాంటి లైన్ ఒకటి అందులో ఉందని ఆయనకి తెలియదు. తెలిశాక బోర్డు తీసేశాడా అంటే, లేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే. ఆయనకి మా మీద ద్వేషం లేదు. ఆయన కోపం ఒక దాని మీద, ఓటు మాత్రం మొత్తం మూటకి పడింది.

తర్వాత 2022లో వాక్సిన్ నిబంధనలకి నిరసనగా రాజధాని ఒటావాలోకి ట్రక్కుల కాన్వాయ్ వచ్చింది. దానికి మద్దతు పలికిన పియెర్ పొయిలీవ్ ఆ సెప్టెంబర్‌లో కన్జర్వేటివ్ నాయకుడయ్యారు. 2025 ఎన్నికలకి పీపుల్స్ పార్టీ 0.7 శాతానికి పడిపోయింది. ఆ ఓటర్లు మాయమైపోలేదు కదా. తమ మాట వినే పెద్ద పార్టీ దొరికిందని చాలామంది అటు వెళ్ళారని నా అభిప్రాయం. ఇక 2024 అక్టోబర్‌లో లిబరల్ ప్రభుత్వమే 2025కి ఇచ్చే పీఆర్‌ల (శాశ్వత నివాస హోదా) లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3 లక్షల 95 వేలకి తగ్గించింది. దాన్ని ఈ చిన్న పార్టీ చేయించిందని నేను అనను. ఇళ్ళ ధరలు, అద్దెలు అందరి నడుమూ విరిచాయి, ఎంతమందిని తీసుకోవాలన్న చర్చ ఏ దేశానికైనా ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ ఆ చర్చ, వలస వచ్చినవాళ్ళని ఎద్దేవా చేసే దాకా వెళ్తోంది. 2019లో హోర్డింగ్ మీద చూసి ఛీ అన్న మాట ఇప్పుడు ఆఫీసు లంచ్ రూమ్‌లో మామూలుగా వినిపిస్తోంది.

కాబట్టి కొత్త పార్టీకి ఎన్ని ఓట్లొచ్చాయన్న దానికన్నా, దాని మాటల్లో ఏవి పెద్ద పార్టీల నోట్లోకి వెళ్ళాయో గమనించండి. సిటిజన్‌షిప్ వచ్చి ఉంటే ఓటు మానకండి. పీఆర్ అయితే ఓటు లేదు గానీ, నచ్చిన అభ్యర్థి తరఫున వాలంటీర్‌గా తిరగొచ్చు, విరాళం ఇవ్వొచ్చు. మీ నియోజకవర్గంలో అభ్యర్థుల చర్చ పెడితే తప్పకుండా వెళ్ళండి. చిన్న పార్టీ వాళ్ళని నిలదీయడంతో ఆగిపోకుండా, గెలిచే అవకాశం ఉన్నవాళ్ళని అడగండి: తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ ఉంచుతారా, తీసేస్తారా? సూటిగా జవాబు వచ్చేదాకా మైక్ వదలకండి.