అపచారం, అపవిత్రం, మైల: మూడూ ఒకటేనా?

గుడిలో ఏదైనా తప్పు జరిగితే పేపర్లో ఒకసారి అపచారం అనీ, ఇంకోసారి అపవిత్రం అనీ రాస్తారు, ఏది ఎప్పుడు వాడాలి అని అడిగారు.

నాకు ఈ తేడా తెలిసింది నెల్లూరు స్వర్ణాల చెరువులో. బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగ. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా అక్క కోసం పెద్దమ్మ పెళ్లి రొట్టె పట్టుకోవడానికి వచ్చింది. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుని తింటారు. నేను తొందరపడి ఒకామె చేతిలోంచి రొట్టె లాగాను. సగం తెగి నీళ్లలో పడింది. వెనకాల పిలకాయలు దాన్ని తొక్కుకుంటా పోయారు. పెద్దమ్మ "అపచారం, అపచారం" అని లెంపలేసుకుంది. ఇచ్చినామె ముస్లిం. ఆమె "బేఅదబీ" అంది. ఇద్దరూ వంగి బురదలో తడిమి ఆ ముక్క తీశారు. పెద్దమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

బేఅదబీ అంటే మర్యాద తప్పడం. అపచారమూ అదే. చారం అంటే నడవడి, 'అప' చేరితే తప్పు నడవడి. ఉపచారానికి ఎదురుమాట. ఉపచారం పేరుతో రోజూ తాము చేసే అపచారాలు క్షమించమని వైష్ణవులు పూజ చివర వేడుకుంటారు. అంటే తెలియక చేసినా అపచారమే. చట్టం మాత్రం ఉద్దేశం చూస్తుంది: మతాన్ని అవమానించాలనే ఉద్దేశంతో ప్రార్థనా స్థలాన్ని అపవిత్రం చేస్తే భారతీయ న్యాయ సంహిత 298వ సెక్షన్ కింద 2 ఏళ్ల దాకా జైలు.

అపవిత్రం అనేది పని కాదు, స్థితి. సంప్రోక్షణ చేస్తే పోతుంది. మైల పురుటికీ చావుకీ సంబంధించింది, అందులో ఎవరి తప్పూ లేదు. ఫలానా కులంవాళ్లు అడుగుపెడితే గుడి మైలపడిందనడం నేను అస్సలు ఒప్పుకోను. ఆ మాట అనడమే అపచారం.

వాడేటప్పుడు 'స్వామికి అపచారం జరిగింది', 'అపచారం చేశారు' అనండి. 'విగ్రహం అపచారమైంది' అనకూడదు, అక్కడ 'అపవిత్రమైంది' అనాలి.