ప్రాపర్టీ గదిలో తుపాకీ

అమ్మాయీ,

నువ్వు ఫోనులో చెప్పిన ఆ నాటు తుపాకీ సంగతి రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మీ స్టేషనులో, కేసుల్లో పట్టుకున్న సామాను పెట్టే ప్రాపర్టీ గదిలో ఓ మూల, కేసు నంబరు చీటీ ఊడిపోయి పడి ఉందన్నావు కదా. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు. గదికి తాళం వేసి, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వు) నుంచి ఆయుధాలు చూసే ఆర్మరర్‌ను పిలిపించు.

నేను ఎస్సైగా ఉన్నప్పుడు అడవి పందుల వేటగాడి దగ్గర అలాంటిదే ఒకటి పట్టుకున్నాం. మూతిలోంచి మందు కూరే రకం. మూడు నెలలు స్టేషను రాతకోతలు చూసే రైటరు బల్ల వెనక గోడకు ఆనించి ఉంది. ఊడ్చేటప్పుడల్లా దాన్ని అటూ ఇటూ జరిపేవారు. చివరికి ఆర్మరర్ వచ్చి చూస్తే లోపల మందూ రవ్వలూ కూరినవి కూరినట్టే ఉన్నాయి! ఆ రోజు ఆయన నన్ను తిట్టిన తిట్లు మీ అమ్మ చదివే ఉత్తరంలో రాయలేను.

ఇక కొత్తగా దొరికే వాటి సంగతి. గొట్టంలో పెన్ను దూర్చి తుపాకీ ఎత్తే కానిస్టేబుల్ ప్రతి స్టేషనులోనూ ఒకడుంటాడు. అతన్ని ఆపు, గొట్టంలోని మసి కూడా సాక్ష్యమే. పిడి మీద గరుకుగా ఉన్న చోట పట్టుకుని ఎత్తాలి, అక్కడ వేలిముద్రలు నిలవవు. ఎత్తే ముందే ఫొటోలు తీయించు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 105 వచ్చాక స్వాధీనానికి వీడియో ఎలాగూ తప్పదు. రివాల్వరైతే ఏ అరలో పేలిన తూటా ఉందో, ఏ అరలో పేలనిది ఉందో బొమ్మ గీసి పెట్టు. తుడవవద్దు, నూనె రాయవద్దు.

తుపాకీ మీది నంబరు అరగదీసి ఉంటే గీకి చూడవద్దు. అచ్చు దెబ్బకు అడుగున లోహం కూడా నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) వాళ్లు ఆమ్లంతో ఆ అంకెలను చాలాసార్లు పైకి తెప్పించగలరు. అంకెలు దొరికితే ఫ్యాక్టరీ, డీలరు, లైసెన్సుదారుడు ఒకరి వెనక ఒకరు బయటికి వస్తారు. తుపాకీ పోయినా ఫిర్యాదు ఇవ్వని లైసెన్సుదారుడు తగిలితే, కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడు.

నాటు తపంచా (చేతి తుపాకీ) గొట్టంలో గుండు మీద గుర్తులు వేసే గాడులుండవు కాబట్టి గుండును చూసి పోల్చడం కష్టం. పేలిన తూటా డొల్ల మీద పిన్ను కొట్టిన గుర్తే దిక్కు. డొల్ల కోసం మురుగు కాలువ తోడించాల్సి వచ్చినా తోడించు.

లక్క సీలు, నమూనా ముద్ర, చేతులు మారిన ప్రతిసారీ సంతకం, సమయం. నా కేసు ఒకటి ఇక్కడే పోయింది. సీలు వేసిన రోజుకూ ల్యాబుకు చేరిన రోజుకూ మధ్య పదకొండు రోజులు తుపాకీ ఎక్కడుందో బోనులో నిలబడి చెప్పలేకపోయాను. ఆయుధాల చట్టం సెక్షన్ 39 కింద కేసు నడపడానికి కలెక్టరు అనుమతి కూడా మరిచిపోకు.

కేసు ప్రాపర్టీని ఏళ్ల తరబడి కుళ్లబెట్టవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ కేసులో చెప్పింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 497 కోర్టుకు ఆ సామాను వివరాలు రాయడానికి పద్నాలుగు రోజులు, ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో చెప్పడానికి ముప్పై రోజులు అంటూ గడువులు కూడా పెట్టింది. కారుకో బైకుకో అది మంచిదే, ఫొటో సరిపోతుంది. తుపాకీ విషయంలో మాత్రం తొందరపడవద్దని పీపీ (ప్రభుత్వ వకీలు) గారి చేత కోర్టుకు చెప్పించు. ముద్దాయి తరఫువారు మళ్లీ పరీక్ష కోరితే ఫొటోను పేల్చి చూపించలేం కదా.

తీర్పు వచ్చి, అప్పీలు గడువు దాటాక మాత్రం ఒక్క నెల కూడా ఉంచుకోకు. దొంగిలించిన లైసెన్సు తుపాకీని అసలు యజమానికి ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చూసుకుంటుంది. మిగతా వాటిని ధ్వంసం చేయడానికి ఉత్తర్వు అడుగు. పాత ఇనుము కింద వేలం వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. గొట్టం ఒక్కటి మిగిలినా దానికి పిడి చెక్కేవాడు ఏదో ఊళ్లో ఉంటాడు. నీ కళ్ల ముందే ముక్కలు కోయించి, పంచనామా రాయించి, రిజిస్టరులో ఆ వరుస కొట్టేయించు.

ఆర్మరర్ వచ్చి వెళ్లాక ఫోను చెయ్యి. చీటీ ఊడిన దాని కేసు నంబరు పాత రిజిస్టర్లలో దొరకకపోతే, ఆ కాలంలో అక్కడ పనిచేసిన రైటర్లు ఇద్దరు నాకు తెలుసు, అడిగి చెబుతాను.

మీ మామయ్య