పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పఠాన్‌కోట్ క్యాంపులో గడిచిన బాల్యం

పంజాబ్‌లోని పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద 2016 జనవరి 2 తెల్లవారుజామున ఉగ్రవాదుల దాడి మొదలైంది. గాలింపు ముగిసేసరికి మూడు రోజులు దాటింది. ఏడుగురు రక్షణ సిబ్బంది చనిపోయారు. ఆ క్యాంపులో పెరిగి ఇప్పుడు మన జిల్లాల్లో స్థిరపడిన పాఠకులు అప్పటి జ్ఞాపకాలను ఎలా రాసుకోవాలని, ఎలా దాచుకోవాలని అడిగారు. ఆ ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులివి.

నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు. 1970 నుంచి ఐదేళ్లు పఠాన్‌కోట్ క్వార్టర్స్‌లో ఉన్నాం. దాడి జరిగినప్పుడు రాత్రింబవళ్లు టీవీ ముందే కూర్చున్నాను. ఇప్పుడు చిన్ననాటి సంగతులు రాయబోతే గేటు, పొగ, కమెండోలే కళ్లముందుకొస్తున్నాయి. నాకు నిజంగా గుర్తున్నదేదో, టీవీలో చూసిందేదో తేల్చుకోలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, విజయనగరం

మీకే కాదు, ఎవరికైనా ఇలాగే జరుగుతుంది. పెద్ద దుర్ఘటన వార్త విన్న క్షణం మనసులో చెక్కినట్టు ఉండిపోయిందని నమ్ముతాం. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో అమెరికాలో కొందరు విద్యార్థుల చేత రాయించారు. సుమారు రెండున్నరేళ్ల తరవాత వాళ్లనే మళ్లీ అడిగితే నాలుగో వంతు మంది ముఖ్యమైన వివరాలన్నీ తప్పు చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. అందుకని ముందు చేయాల్సింది వేరుచేయడం.

నోటుబుక్కులో పేజీ మధ్య నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీరు కళ్లారా చూసినవి, ముట్టుకున్నవి, విన్నవి రాయండి. కుడివైపు అమ్మానాన్నలు చెప్పగా తెలిసినవి, ఫొటోల్లో చూసినవి, టీవీలో వచ్చినవి రాయండి. ఎటు రాయాలో తోచకపోతే కుడివైపే రాయండి. రాసే రోజుల్లో పాత వార్తల వీడియోలు తెరవద్దు. ఒక్కసారి చూసినా వారం పాటు అవే కలానికి అడ్డమొస్తాయి.

గేటుతో మొదలుపెట్టకండి. టీవీ మీ దగ్గర నుంచి లాక్కున్నది ఆ గేటునే. ఇంటి లోపలితో మొదలుపెట్టండి. మీ క్వార్టర్ లోపలి గదులు కాగితం మీద గీయండి: పొయ్యి ఎటువైపు, మంచాలు ఎటు, నాన్నగారి యూనిఫాం ఎక్కడ వేలాడేది, నల్లరంగు ట్రంకుపెట్టెలు ఎక్కడ ఉండేవి, వాటి మీద తెల్లరంగుతో పేరు, ర్యాంకు, సర్వీసు నంబరు ఏ వరసలో రాసి ఉండేవి. గదులు గీస్తుంటే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆ తరవాత ఒక రోజును పొద్దున్నుంచి రాత్రి దాకా రాయండి. స్కూలు బండి, ఎంఐ రూములో (క్యాంపు వైద్య గదిలో) సూదిమందు, క్యాంటీను సరుకులు వచ్చే రోజు, ఊళ్లోకి వెళ్లే లిబర్టీ రన్ బస్సు, ఇంజన్ల మోతకు మధ్యలో ఆగిపోయే మాటలు. ‘చాలా ఆనందంగా ఉండేది’ లాంటి వాక్యం వస్తే కొట్టేసి, దాని బదులు ఒక వస్తువు పేరో ఒక మనిషి మాటో రాయండి.

రాశాక సరిచూసుకోవాలి. ఇక్కడే చాలామంది తమ జ్ఞాపకం తప్పనుకుని సరైనదాన్ని చెరిపేస్తారు. చిరునామాలో గురుదాస్‌పూర్ జిల్లా అని గుర్తుంటే అది నిజమే, పఠాన్‌కోట్ వేరే జిల్లా అయింది 2011లో. చక్కీ బ్యాంక్ అనే స్టేషను ఇప్పటి మ్యాపులో దొరకదు, అదే ఇప్పుడు పఠాన్‌కోట్ కంటోన్మెంట్. చదివింది సెంట్రల్ స్కూల్లో అని గుర్తుంటే అవే తరవాత కేంద్రీయ విద్యాలయాలయ్యాయి. కాంగ్రా లోయ వైపు పోయే చిన్న రైలు కలగన్నది కాదు. పఠాన్‌కోట్ నుంచి జోగిందర్‌నగర్ దాకా వెళ్లే ఆ న్యారోగేజి లైను బ్రిటిష్ కాలం నాటిది.

1971 యుద్ధం గురించి ఒక మాట. ఆ ఏడాది డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ మీదా, మరికొన్ని వైమానిక స్థావరాల మీదా బాంబులు వేశాయి. మీరు పుట్టిన సంవత్సరం రాయలేదు. అప్పటికి మీకు మూడేళ్లు నిండకపోతే, ఇంటి పక్క కందకంలోకి దూకడం, కిటికీ అద్దాలకు అతికించిన బ్రౌన్ పేపరు, సైరను మోత ఇవన్నీ అమ్మ చెప్పగా మీలో నిలిచినవై ఉంటాయి. చాలామందికి మొదటి జ్ఞాపకాలు మూడు, మూడున్నరేళ్ల నుంచే మిగులుతాయి. అలాంటివి వదిలేయక్కర్లేదు. ‘అమ్మ చెప్పేది’ అని మొదలుపెట్టి రాస్తే చాలు, వాటి విలువ తగ్గదు.

రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు, వరసగా నాలుగు రోజులు రాసి కొంత విరామం ఇవ్వండి. రాశాక కొద్దిసేపు బరువుగా ఉండటం మామూలే. కానీ రోజులు గడిచినా నిద్ర పట్టకపోయినా, పీడకలలు వస్తున్నా రాయడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

క్యాంపులో కాపలా ఉండే ఒక పెద్దాయన మమ్మల్ని రోజూ పలకరించేవాడు. పేరు గుర్తులేదు. దాడిలో కాపలావాళ్లు చనిపోయారని విన్నప్పటి నుంచి ఆయనే గుర్తొస్తున్నాడు. ఆయన గురించి, చనిపోయినవాళ్ల గురించి కలిపి రాయవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

రాయండి, అయితే ఇద్దరినీ ఒక్కరుగా కలిపేయకండి. గార్డ్‌రూమ్‌లో ఎయిర్‌ఫోర్స్ పోలీసులు ఉంటారు. కాపలా పోస్టుల్లో చాలాచోట్ల డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లుంటారు. సైన్యంలో సర్వీసు పూర్తయ్యాక మళ్లీ చేరినవాళ్లే అందులో ఎక్కువ, కాబట్టి మీకు గుర్తున్న పెద్ద వయసు దానికి సరిపోతుంది. 2016లో చనిపోయిన ఏడుగురిలో ఐదుగురు ఈ కోర్‌కు చెందినవారే. వారిలో జగదీశ్ చంద్ చేతిలో ఆయుధం లేకుండానే ఒక ఉగ్రవాదిని పట్టుకుని, అతని తుపాకితోనే అతన్ని చంపి, మిగతావారి కాల్పుల్లో నేలకొరిగారు. ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చారు. ఫతే సింగ్ ఒకప్పుడు అంతర్జాతీయ పోటీల్లో గెలిచిన షూటరు. మిగిలిన ఇద్దరిలో గురుసేవక్ సింగ్ వైమానిక దళపు గరుడ్ కమెండో, లెఫ్టినెంట్ కర్నల్ నిరంజన్ జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) బాంబు నిర్వీర్య విభాగపు అధికారి.

వీళ్లెవరూ మీ చిన్నప్పటి పెద్దాయన కాదు. ముందు ఆయన గురించి రాయండి: ఏ భాషలో పలకరించేవాడు, చలికాలంలో ఏం కప్పుకునేవాడు, మీ సైకిలు ఎందుకు ఆపేవాడు. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. ఊహించి పెట్టిన పేరు మీ మనవల నాటికి నిజమైపోతుంది. చనిపోయినవారి వివరాలు వేరే పేరాలో, ప్రభుత్వం ప్రకటించిన మేరకే రాయండి. వారి ఆఖరి క్షణాల్లో ఏమనుకుని ఉంటారో మనం అల్లకూడదు. చదివేవాళ్లలో వాళ్ల పిల్లలూ ఉండవచ్చు.

రాసింది అచ్చు వేయిస్తే చట్టపరంగా చిక్కులుంటాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

ఇంటి సంగతులకు, మనుషుల కథలకు ఏ చిక్కూ లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం సైనిక స్థావరాలను నిషిద్ధ ప్రదేశాలుగా చూస్తుంది. వాటి పటాలు, నమూనాలు శత్రువుకు ఉపయోగపడేలా తయారుచేయడం, సేకరించడం, పంచడం నేరం. కాబట్టి స్థావరం మొత్తం పటం గీయకండి. గోడ ఎక్కడ తక్కువ ఎత్తు, ఎటువైపు నుంచి పిల్లలు దూరేవారు, కాపలా ఎప్పుడు మారేది, పెట్రోలు, ఆయుధాలు ఎక్కడ ఉండేవి – ఇవేవీ వద్దు. యాభై ఏళ్లయింది, అన్నీ మారిపోయి ఉంటాయిలే అనుకోవద్దు. రన్‌వేలు, పాత భవనాలు అంత త్వరగా చోటు మారవు. దారి చెప్పాల్సి వస్తే దిక్కులు, దూరాలు లేకుండా ‘స్కూలుకు వెళ్లే దారిలో’ అంటే చాలు. వెనకాల విమానాలు, హ్యాంగర్లు కనిపించే పాత ఫొటోలు ఇంట్లోనే ఉంచుకోండి.

అప్పటి ఫొటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నాయి. రంగువన్నీ ఎర్రబారాయి. కొన్ని పేజీలకు అతుక్కుపోయాయి. ఎలా కాపాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

పైన ప్లాస్టిక్ పొర ఉన్న ఆ ఆల్బమ్‌లే ఫొటోలకు పెద్ద శత్రువులు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు గట్టిపడి ఫొటో వెనక్కి ఇంకుతుంది. బయటికి తీయకముందే ప్రతి పేజీని ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసుకోండి. ఏ ఫొటో పక్కన ఏది ఉందన్నదే చాలాసార్లు తేదీ పట్టిస్తుంది.

తీసేటప్పుడు చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ప్లాస్టిక్ పొరను మెల్లగా వెనక్కి మడవండి. ఫొటో మూల కింద పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ ముందుకు పోనివ్వండి. మూల పట్టుకుని పీకితే ఫొటో వంగి, పైపొర చిట్లుతుంది. దారం కదలకపోతే అక్కడితో ఆపి, పేజీతో సహా స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోనూ అంతే, అద్దం మీదుగానే స్కాన్ చేయాలి. తడిగుడ్డ పెట్టనే వద్దు, బొమ్మ ఉన్న జెలటిన్ పొర ఉబ్బి ఊడొస్తుంది. తెల్లటి బూజు కనిపిస్తే ఆ ఫొటోలను విడిగా పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపండి. సముద్రతీరపు తేమలో ఇనప బీరువా అడుగు అర మంచిది కాదు, బయటి గోడకు ఆనించకుండా పై అరలో ఉంచండి.

పోస్టుకార్డు సైజు, అంతకన్నా చిన్నవి 600 డీపీఐలో, పెద్దవి 300లో స్కాన్ చేయించండి. నెగెటివ్‌లు దొరికితే అదృష్టమే: 2400కు తగ్గించకండి. అసలు ప్రతి టిఫ్ ఫైలుగా ఉండాలి, బంధువులకు పంపడానికి జేపెగ్ చాలు. స్టూడియోలో రంగులు సరిచేసిన ప్రతి ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి, సరిచేయనిదీ అడిగి తీసుకోండి. ఎర్రబారడానికి కారణం నీలివైపు రంగు ముందుగా వెలిసిపోవడం. దాన్ని కంప్యూటరులో కొంతవరకు తిరిగి తేవచ్చు, తొందరేం లేదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

వెనకవైపు బాల్‌పెన్నుతో రాయవద్దు, ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది. ఎవరెవరున్నారో కాగితం కవరు మీద ముందే రాసి, ఆ తరవాత ఫొటోను లోపల పెట్టండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కొనకండి.

నాన్నగారికి ఎనభై నాలుగేళ్లు. పఠాన్‌కోట్ గురించి అడిగితే ‘ఏముందమ్మా, డ్యూటీ చేశాం’ అంటారు. ఆయన చేత మాట్లాడించడం ఎలా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

‘ఎలా ఉండేది నాన్నా’ అని అడిగితే జవాబు అలాగే వస్తుంది. వస్తువు చేతికిచ్చి అడగండి. ట్రంకుపెట్టె, బెల్టు, ఫొటో, ఏదైనా సరే. ‘ఈ పెట్టెలు రైలెక్కించడానికి ఎవరు సాయం వచ్చారు?’, ‘పోస్టింగు ఆర్డరు వచ్చాక ఎన్ని రోజులు టైమిచ్చేవారు?’, ‘మొదటి జీతంలో ఊరికి ఎంత పంపారు?’ ఇలా ఒకే సంగతి మీద ఒకే ప్రశ్న. జవాబు ఆగాక మీరు వెంటనే మాట్లాడకండి. లోపలున్నది తరచుగా ఆ మౌనం తరవాతే వస్తుంది. తేదీ తప్పు చెప్పినా అప్పుడే సరిదిద్దవద్దు. దాడి గురించి మొదటి రోజు అడగనే వద్దు. పని వివరాలు చెప్పనంటే అది ఆయన జీవితమంతా పాటించిన క్రమశిక్షణ, గౌరవించండి.

ఉదయం టిఫినయ్యాక, నలభై నిమిషాలకు మించకుండా కూర్చోండి. ఆయనకు బాగా వినిపించే చెవి వైపు ఉండండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఆయనకు మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపాలి, రికార్డింగులు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే. ముందు అర నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌లో విని చూడండి. మొదట తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు చెప్పండి. ఆ రోజే మరోచోటికి కాపీ చేసి, ఏ నిమిషంలో ఏ సంగతి ఉందో కాగితం మీద రాసిపెట్టండి.

నాన్నగారు లేరు. ఏ సంవత్సరాల్లో ఎక్కడ ఉన్నామో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, కడప

ముందు ఇంట్లో వెతకండి: డిశ్చార్జి బుక్కు, పింఛను మంజూరు పత్రం, మీ స్కూలు టీసీలు. చేరిన, వదిలిన తేదీలు ఉండేది టీసీల్లోనే. పాత ఉత్తరాల మీద ‘56 ఏపీవో’ అని ఉంటే దాన్నిబట్టి ఊరు తెలియదు, చోటు బయటపడకుండా ఉండేందుకు వాడే సైనిక చిరునామా అది. అవి దొరక్కపోతే ఎయిర్‌మెన్ (అధికారి హోదా లేని వైమానిక సిబ్బంది) అయినవారి కోసం న్యూఢిల్లీ సుబ్రతో పార్క్‌లోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. సైన్యంలోనైతే ఆయా రెజిమెంటు లేదా కోర్ రికార్డ్ ఆఫీసు, నౌకాదళంలో సెయిలర్ల కోసం ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. సర్వీసు నంబరు లేని ఉత్తరం అక్కడ ముందుకు కదలదు. నంబరు, పూర్తి పేరు, రిటైరైన సంవత్సరం, అమ్మగారి కుటుంబ పింఛను పత్రం నకలు, బంధుత్వం రుజువు జతచేయండి. అమ్మగారు ఉంటే దరఖాస్తు ఆమె పేరిటే, ఆమె సంతకంతో పంపండి. జవాబు రాకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, గడువు ముప్పై రోజులు. అందులో పోస్టింగుల ఊళ్లు, తేదీలు మాత్రమే అడగండి. యూనిట్ చేసిన పనుల గురించి అడిగితే భద్రత కారణంగా తిరస్కరించే వీలుంది.